ఓటుకు ముందు మా వీధిలో స్వలింగ వివాహ హక్కు గురించి ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: బిల్లుల అమ్మాయి

వైజాగ్ నుంచి రాస్తున్నాను. పేరు వద్దు, ఏరియా అక్కయ్యపాలెం చుట్టుపక్కల అనుకోండి. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో బిల్లులు చూస్తాను. నాతో ఉండే అమ్మాయి ఫిజియోథెరపిస్టు. ఇంటి ఓనరుకి మేం ఫ్రెండ్స్, కింద పోర్షన్ ఆంటీకి కజిన్స్. మాకు మేం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు కదా. మా అమ్మకి తెలుసు. నాన్నకి తెలియదు, లేదా తెలియనట్టు ఉంటారు.

పోయినేడు తనకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని ఆపరేషన్ అన్నారు. కౌంటర్‌లో ఆవిడ ఫారం నా ముందు పెట్టి, పేషెంటుకి ఏమవుతారు అన్న గడి మీద పెన్ను ఆనించి "చెప్పండి" అంది. ఫ్రెండ్ అన్నాను. ఫారం తన వైపు లాక్కుని "ఇంట్లోవాళ్లని రమ్మనండి" అంది. పక్కన కుర్చీలో నొప్పికి వంగిపోయి కూర్చున్న మనిషి "నా ఇంట్లోవాళ్లు ఈవిడే" అంటే వినిపించుకోలేదు. తమ్ముడు పలాస నుంచి రైలెక్కి వచ్చేదాకా ఆగాం. అతను చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. "మీ అక్కకి పడని మందులేమైనా ఉన్నాయా?" అని డాక్టరు అడిగితే మాత్రం నా మొహంకేసి చూశాడు. మంచి పిల్లాడే, అతన్నేం అనడం లేదు.

2023 అక్టోబర్ 17న స్వలింగ వివాహం మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లైవ్ విన్నాను. మేం చట్టం రాయలేం, అది పార్లమెంటు పని అన్నారు. సరే, ఇప్పుడు ఆ పార్లమెంటుకే 2024 మే 13న ఓట్లు. అసెంబ్లీకీ అదే రోజు. అంటే రెండు చోట్లకీ వెళ్లాలనుకునేవాళ్లు ఇంకో మూడు వారాలు మన గుమ్మాల చుట్టూనే తిరుగుతారు. నలుగురైదుగురు స్నేహితులం కలిసి, పార్టీ ఏదీ లేకుండా, మా చుట్టుపక్కల ఇళ్లకి వెళ్లి ఈ సంగతి మాట్లాడదాం అనుకుంటున్నాం. మీ దగ్గరికి అభ్యర్థి వస్తే ఈ ఒక్కటి అడగండి అని చెప్పడమే.

కానీ గేటు తీశాక నోట్లోంచి మొదటి మాట ఏం రావాలి? అలా తిరగడం తప్పేం కాదు కదా? కరపత్రం వేయించొచ్చా? మా గురించి మేం చెప్పుకోవాలా, లేక ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పాలా? ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే చెప్పండి. "ముందు నీ ఇంట్లో చెప్పుకో" అనేవాళ్లకి ముందే దణ్ణం.

జవాబు: ఉక్కునగరం పెద్దాయన

అమ్మాయ్, ఏమనుకోకు. స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్ల పైన చేసి దిగినవాణ్ణి. 2021 జనవరిలో ప్లాంటు అమ్మేస్తామన్నారు. ఆ మరుసటి నెల నుంచి కూర్మన్నపాలెంలో శిబిరం నడుస్తూనే ఉంది. జీతాలు సమయానికి రావడం లేదు, పిల్లలకి ఉద్యోగాల్లేవు. ఇప్పుడు గుమ్మంలోకొచ్చిన ఎంపీ అభ్యర్థిని ఆడపిల్లా ఆడపిల్లా పెళ్లి సంగతి అడగమంటావు. మా ఇంటికొస్తే కాఫీ ఇస్తాను గానీ, అడగను. మీ ఇద్దరూ కలిసి ఉంటే నాకేం నష్టం లేదు. ఉండండి. దానికి పెళ్లి అని పేరెందుకు పెట్టాలి? అది నాకు అర్థం కాదు. నీకు ఆస్పత్రిలో జరిగింది మాత్రం తప్పే.

జవాబు: కోర్టు కాగితాలు

విశాఖ జిల్లా కోర్టులో ప్రాక్టీసు. ముందు భయం తీరుస్తాను.

మీరిద్దరూ కలిసి ఉండటం నేరం కాదు. 2018 సెప్టెంబర్ 6న, స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద వచ్చిన తీర్పుతో ఆ గొడవ ముగిసింది. నలుగురు కలిసి ఇళ్లకి వెళ్లి ఒక విషయం గురించి మాట్లాడటమూ నేరం కాదు. జాగ్రత్తపడాల్సింది ఒక చోట. ఫలానా అభ్యర్థికి ఓటెయ్యండి అంటూ, ఆ అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా మీ డబ్బు ఖర్చుపెడితే ఎన్నికల్లో చట్టవిరుద్ధంగా ఖర్చుపెట్టిన నేరం కిందికి వస్తుంది. అందుకని పేరూ గుర్తూ నోట రానివ్వకండి. కరపత్రం వేస్తే ప్రెస్సువాడి పేరు, వేయించినవాళ్ల పేరు, చిరునామా అచ్చు వేయాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ చెబుతుంది. అది అభ్యర్థుల ఎన్నికకు సంబంధించిన కరపత్రాల మాట, మీది ఆ లెక్కలోకి రాదని వాదించొచ్చు. కానీ ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు రోడ్డు మీద తనిఖీ స్క్వాడ్ వాళ్లతో ఆ వాదన ఎవరు పెట్టుకుంటారు? పేరూ చిరునామా వేస్తే మీ ఓనరు చేతిలో పడుతుంది. కాబట్టి నా సలహా, కరపత్రమే వద్దు. పోలింగుకి ముందు 48 గంటలు తిరగడమూ ఆపేయండి.

ఇక అభ్యర్థిని ఏం అడగాలి అన్నది. చాలామంది ఇది ఢిల్లీ సంగతి, ఎమ్మెల్యేకి ఏం సంబంధం అంటారు. సంబంధం ఉంది. పెళ్లి, విడాకులు, దత్తత, వారసత్వం, కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో అయిదో అంశం. రాష్ట్రం చట్టం చేసి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకోవచ్చు. ఆడపిల్లకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా అని మన రాష్ట్రం అలాగే తెచ్చుకుంది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చేలా, ఎన్టీఆర్ హయాంలో. దేశమంతటికీ ఆ చట్టం వచ్చేసరికి 2005. అప్పుడూ ఇళ్లు కూలిపోతాయన్నారు. ఏ ఇల్లూ కూలలేదు, మాకు మాత్రం పార్టిషన్ కేసులు పెరిగాయి.

ఇంకో సంగతి మీ వీధిలో ఎవరికీ తెలిసి ఉండదు. సుప్రీంకోర్టులో వాదనలు నడుస్తున్నప్పుడు స్వలింగ వివాహం మీద మీ అభిప్రాయం ఏమిటని కేంద్రం అన్ని రాష్ట్రాలకీ ఉత్తరాలు రాసింది. ఏడు రాష్ట్రాలే జవాబిచ్చాయి. వాటిలో నాలుగు ఇంకా టైం కావాలన్నాయి. వద్దు అని తేల్చి రాసినవి మూడు: రాజస్థాన్, అస్సాం, మన ఆంధ్రప్రదేశ్. మత పెద్దలని అడిగి రాశామన్నారు. మిమ్మల్ని అడిగారా? నన్నూ అడగలేదు. ఎమ్మెల్యే అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్న అదే: "మన రాష్ట్రం తరఫున వద్దని రాశారు కదా, మళ్లీ అడిగితే మీరేం రాయిస్తారు?"

ఎంపీ అభ్యర్థి దగ్గర వేరే ప్రశ్న. తీర్పులో అయిదుగురు జడ్జీలూ ఒప్పుకున్నది, పెళ్లి ప్రాథమిక హక్కు కాదని. పెళ్లి అనకుండా పౌర బంధంగా (సివిల్ యూనియన్) గుర్తించడం, దత్తత, ఈ రెండింటి మీద 3-2గా విడిపోయారు. చంద్రచూడ్, కౌల్ ఇవ్వాలన్నారు, మిగతా ముగ్గురూ కాదన్నారు. ఇలాంటి జంటల హక్కుల్ని చూడటానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేస్తామని కేంద్రం తరఫు లాయరు సొలిసిటర్ జనరల్ చెప్పిన మాటని మాత్రం రికార్డు చేశారు. ఆ కమిటీ 2024 ఏప్రిల్లో వేశారు. కాంగ్రెస్ మేనిఫెస్టోలో సంప్రదింపుల తర్వాత సివిల్ యూనియన్లకి చట్టం అని ఉంది. సీపీఎం మేనిఫెస్టో, మతంతో పని లేకుండా పెళ్లి చేసుకోనిచ్చే ప్రత్యేక వివాహ చట్టం తరహాలో చట్టం అంటోంది. ఏ పార్టీ అభ్యర్థి వచ్చినా, మీ పార్టీ కాగితం మీద ఏముందో తెలుసా అని అడగండి. సగం మందికి తెలియదు.

బిల్లుల అమ్మాయి

లాయర్ గారూ, రాష్ట్రం వద్దని రాసిందన్న సంగతి నాకే తెలియదు. ఇది చదువుతూ మా ఇద్దరికీ కాసేపు మాట పడిపోయింది. కరపత్రం ఆలోచన మానేశాం. పెద్దాయన గారూ, కాఫీకి వస్తాం. కానీ నా మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. తలుపు తీశాక ఏం మాట్లాడాలి?

జవాబు: మెట్టు కాడి నర్సు

చెల్లీ, నేను కంచరపాలెం మెట్టు దగ్గర పుట్టి పెరిగినదాన్ని. డబ్లిన్‌లో చాలా ఏళ్లు నర్సుగా చేసి, అమ్మకి బాగోక తిరిగొచ్చేశాను. 2015 మే 22న ఐర్లండ్‌లో దీని మీదే ఓటింగు జరిగింది. అది మనుషుల్ని ఎన్నుకునే ఓటు కాదు, రెఫరెండం. స్త్రీ పురుష భేదం లేకుండా ఇద్దరు వ్యక్తులు చట్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చని రాజ్యాంగంలో ఒక్క వాక్యం చేర్చాలా వద్దా. బ్యాలెట్ మీద అవును, కాదు, అంతే. నాకు ఓటు లేదు, అక్కడ రెఫరెండంలో ఆ దేశ పౌరులకే ఓటు. మా వార్డు సిస్టర్‌కి మాత్రం అది తన సొంత పెళ్లి సంగతి. "ఓటు లేకపోతే పోయింది, కాళ్లున్నాయి కదా, సాయంత్రం రా" అంది. వెళ్లాను.

డ్యూటీ దిగాక ఒక సూపర్‌మార్కెట్ కార్ల స్థలంలో కలుసుకునేవాళ్లం. వీధికి ఈ పక్క ఇద్దరు, ఆ పక్క ఇద్దరు. మే నెలలో అక్కడ రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుంటుంది కాబట్టి సరిపోయేది. నాకు ముందు నేర్పింది మాటలు కాదు, కాళ్లు ఎక్కడ పెట్టాలో. బెల్లు కొట్టగానే రెండడుగులు వెనక్కి వేసి పక్కకి తిరిగి నిలబడాలి, తలుపు తీసినవాళ్లకి మీద పడుతున్నట్టు ఉండకూడదు. గేటు ఎలా ఉంటే వెళ్లేటప్పుడు అలాగే వదలాలి. మూసున్న గేటు తెరిచి వదిలేస్తే కుక్క బయటికి పోతుంది, ఆ ఇంటి ఓటూ దాంతోనే పోతుంది. గట్టిగా "కాదు" అన్నవాళ్లకి థాంక్స్ చెప్పి అర నిమిషంలో కదలాలి. వాదన పెట్టుకుంటే ఆ సాయంత్రం ఇంకో పది ఇళ్లు పోతాయి. మూడు గుర్తులే రాసుకునేవాళ్లం: అవును, కాదు, ఇంకా తేల్చుకోలేదు. మనకి పని ఆ మూడోవాళ్లతో.

మొదటి మాట "మీరు అవునని ఓటేస్తారా?" కాదు. "నేను ఫలానా, ఈవిడ ఫలానా, 22న ఓటు ఉంది కదా, దాని గురించి ఏమనుకుంటున్నారు?" అని అడిగి నోరు మూసుకోవడం. ఆ నోరు మూసుకోవడమే కష్టం. నాకు రెండు సెకన్లకే ఏదో ఒకటి చెప్పేయాలని ఉండేది, మా సిస్టర్ మోచేత్తో పొడిచేది.

ఒక ముసలావిడ బాగా గుర్తు. ఉన్ని చెప్పులు, చేతిలో జపమాల. "మా ఫాదరు వద్దన్నారు" అంది. తర్వాత నన్ను ఎగాదిగా చూసి "ఇండియానా? నీకు పెళ్లయిందా? ఎలా అయింది?" అని అడిగింది. మా నాన్న చూసిన సంబంధం అన్నాను. "మాట్లాడుకున్నారా ముందు?" ఒక్క పూట, మా పిన్ని పక్కన కూర్చుని ఉండగా. ముసలావిడ తలుపు పట్టుకుని పకపకా నవ్వింది. "నీ మొగుణ్ణి నువ్వు ఎంచుకోలేదు, వేరేవాళ్లకి ఎంచుకునే హక్కివ్వమని నా దగ్గరికొచ్చావా!" నాకు నిజంగానే ఏం చెప్పాలో తెలియలేదు, నేనూ నవ్వేశాను. నవ్వు ఆగాక ఆవిడే, అడక్కుండానే, వాళ్ల అన్న గురించి చెప్పింది. చిన్నప్పుడే లండన్ వెళ్లిపోయాడట. పండక్కి ఉత్తరం వచ్చేది, మనిషి మాత్రం ఎప్పుడూ రాలేదు. "అక్కడ వాడికి ఒక స్నేహితుడు ఉండేవాడు" అని మాత్రం అంది. ఐర్లండ్‌లో 1993 దాకా మగవాళ్ల మధ్య అలాంటి సంబంధం నేరమే. ఎటు ఓటేస్తుందో మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తేల్చుకోలేదు అన్న గుర్తు పెట్టి పక్కింటికి వెళ్లాం.

అప్పటి ఆరోగ్య మంత్రి లియో వరద్కర్ ఆ జనవరిలోనే రేడియోలో తాను గే అని చెప్పాడు. వాళ్ల నాన్న ముంబైవాడు. దాంతో కొన్ని ఇళ్లలో నన్ను చూసి "మీ వరద్కర్" అనేవాళ్లు, నేనేదో ఆయన మేనత్త కూతురినైనట్టు. వద్దు అనేవాళ్ల పోస్టర్లు స్తంభం స్తంభానికీ ఉండేవి, అన్నీ పిల్లలకి తల్లీ తండ్రీ ఇద్దరూ కావాలనే. దత్తత సంగతి ఆ ఏప్రిల్‌లోనే వేరే చట్టంలో తేల్చేశారు, ఈ ఓటుకీ దానికీ సంబంధం లేదని ఒక్క ముక్క చెప్పి మళ్లీ మనుషుల సంగతికి వచ్చేయమన్నారు మాకు. చివరికి 62 శాతం అవునన్నారు. 43 నియోజకవర్గాల్లో ఒక్కటే కాదంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఇక్కడ అవునూ కాదూ కాగితం లేదు. పెద్దాయన గారు అన్నట్టు ఆ బటన్ మీద ప్లాంటు ఉంది, పింఛను ఉంది, కులం ఉంది. నీ కోసం ఎవరూ ఓటు మార్చరు, మార్చమని అడగకు కూడా. అభ్యర్థిని ఒక ప్రశ్న అడగమను, నువ్వు అనుకున్నదే సరైన పని. కానీ ఒక విషయంలో ఈ ఊరు డబ్లిన్ కంటే సుళువు. అక్కడ పెళ్లి మాట నేను ఎత్తాలి. ఇక్కడ నువ్వు గేటు తీసి "ఆంటీ" అన్న రెండో నిమిషానికి వాళ్లే అడుగుతారు. "ఏటమ్మా, మీదే ఊరు? ఇంటిపేరేటి? పెళ్లయిందా?" ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి "ఇంకా లేదండీ" అని తప్పించుకుని ఉంటావు. నీకు మొదటి మాట అక్కడ దొరుకుతుంది. "మనిషి ఉంది ఆంటీ, ఇన్నేళ్లుగా కలిసే ఉన్నాం, పెళ్లి చేసుకోడానికి చట్టం లేదు." ఇంత చాలు. తర్వాత నోరు మూసుకో. ఆస్పత్రి ఫారం సంగతి రెండో మాట. లాయర్ గారు చెప్పిన రాష్ట్రం ఉత్తరం మూడో మాట, అదీ అడిగితేనే.

అందుకని ఆ జవాబు నిజంగా చెప్పగలిగిన గడపలకే వెళ్లు. తెలియని వీధులు వద్దు. నీకు కూరగాయలు ఇచ్చే ఆవిడ, నీ టైలరు, తన దగ్గర నడుము నొప్పికి కట్టు వేయించుకున్న మాస్టారు, ఇలా నిన్నూ తననూ మనుషులుగా ముందే ఎరిగినవాళ్లు. ఎవరి గురించో చెప్తున్నట్టు చెప్పకు, వైజాగ్ ఆంటీలకి అర క్షణంలో తెలిసిపోతుంది. ఓనరు ఇంటికి మాత్రం వెళ్లకు, ముందు తలమీద కప్పు చూసుకోవాలి.

వేళలు కూడా చూసుకో. ఎండ తగ్గి అయిదు తర్వాత. ఏడు దాటాక సీరియల్, అప్పుడు దేవుడొచ్చినా తలుపు తీయరు. ఆదివారం పొద్దున్న చేపలు కడుగుతూ ఉంటారు, వద్దు. బీచ్ రోడ్డు వాకర్స్ దగ్గరికి వెళ్దామని మీలో ఎవరో అంటారు. ఒక్కరిగా దొరికితే మాట్లాడండి. గుంపుగా ఉంటే ఒకాయన ఉపన్యాసం ఇస్తాడు, మిగతావాళ్లు తలూపుతారు, మీకు ఎండెక్కిపోతుంది. ఎప్పుడూ ఇద్దరుగా వెళ్లండి. మెడలో పుస్తెలున్న మనిషి పక్కన ఉంటే మేలు అనుకుంటే నాకు మెసేజ్ పెట్టు, వస్తాను.

జవాబు: లెక్కల మాస్టారు, ఎంవీపీ

నర్సు గారు చెప్పినదానికి పరిశోధన తోడు ఉంది, ఒక హెచ్చరికతో. ఇంటింటికీ వెళ్లి మాట్లాడితే స్వలింగ వివాహం మీద అభిప్రాయాలు మారతాయని 2014లో సైన్స్ పత్రికలో ఒక పేపరు వచ్చింది. ఐర్లండ్‌లో ఓటు జరిగిన నెలలోనే, అంటే 2015 మేలో, దాన్ని వెనక్కి తీసుకున్నారు. డేటా నమ్మదగ్గది కాదని తేలింది. తేల్చినవాళ్లలో ఇద్దరు, బ్రూక్‌మన్, కల్లా, తర్వాత నిజంగానే ప్రయోగం చేశారు. అమెరికాలోని మయామీలో, ట్రాన్స్‌జెండర్ల మీద ఉన్న వ్యతిరేకత గురించి. సుమారు పది నిమిషాల సంభాషణ, అందులో ఎక్కువ భాగం ఇంటివాళ్లే తమ అనుభవం చెప్పుకోవడం. ప్రభావం కనీసం మూడు నెలలు నిలిచిందని 2016లో అదే సైన్స్‌లో ప్రచురించారు. ఆ పద్ధతిని తయారుచేసింది లాస్ ఏంజెలెస్‌లోని కార్యకర్తలు. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహం మీద జరిగిన ఓటింగులో ఓడిపోయాక, ఎందుకు ఓడామని తమకి వ్యతిరేకంగా ఓటేసినవాళ్ల ఇళ్లకే వెళ్లి అడగడంతో మొదలైంది. మయామీ ఫలితం అక్కయ్యపాలెంలో వస్తుందని నేను రాసివ్వను. కానీ ముసలావిడ అన్నగారి కథ బయటికి వచ్చింది చూశారా, వాళ్లు కొలిచింది సరిగ్గా దాన్నే.

జవాబు: ఉక్కునగరం పెద్దాయన

ఆ ముసలావిడ అన్నగారి సంగతి చదివాక నాకూ ఒకటి గుర్తొచ్చింది. నేను చేసింది పీఎఫ్ సెక్షన్‌లో. ఒక ఫిట్టర్ ఉండేవాడు, పెళ్లి చేసుకోలేదు. క్వార్టర్‌లో అతనితో పాటు బయట ఎలక్ట్రికల్ షాపులో పనిచేసే స్నేహితుడు ఉండేవాడు. వంట అతనిదే. సంక్రాంతికి అరిసెలు పంచేవాడు. సెక్టారంతా ఎరుగుదురు, ఎవరూ ఏమీ అనలేదు. ఫిట్టర్ గుండెపోటుతో పోయాడు. నామినేషన్ కాగితం తీస్తే ఉద్యోగంలో చేరినప్పుడు రాసిన తల్లి పేరే ఉంది, ఆవిడ పోయి ఎన్నో ఏళ్లు. డబ్బు అన్నగారి కొడుకులకి వెళ్లింది, వాళ్లని నేను ఆ రోజే చూడటం. క్వార్టర్ ఖాళీ చేయమని నోటీసు. ఆ స్నేహితుడు గిన్నెలు గోనెసంచిలో వేసుకుని ఆటో ఎక్కాడు. ఫైలు మూసింది నేనే, రూలు ప్రకారం సరిగ్గానే మూశాను.

పెళ్లి అన్న మాట మీద నా అభిప్రాయం మారలేదు. కానీ మా వాళ్ల దగ్గరికొచ్చి పెళ్లి అంటే తలుపేసుకుంటారు. పీఎఫ్ అను, గ్రాట్యుటీ అను, నామినీ అను. కూర్చోబెట్టి వింటారు. ప్లాంటులో చేసిన ప్రతివాడికీ ఇలాంటి కథ ఒకటి తెలుసు.

జవాబు: మెట్టు కాడి నర్సు

పెద్దాయన గారూ, పీఎఫ్‌తో మొదలుపెట్టడం మంచి మాటే, మా ఇంటాయన వైపు వాళ్లంతా ప్లాంటువాళ్లే, నాకు తెలుసు. కానీ పెళ్లి మాట దాచేస్తే ఒప్పుకోను. ఐర్లండ్‌లో 2011 నుంచే సివిల్ పార్ట్‌నర్‌షిప్ ఉంది. పన్నులు, ఆస్తి, పింఛను చాలావరకు అందులో వచ్చేశాయి. అయినా మా సిస్టర్ నాలుగేళ్ల తర్వాత వర్షంలో ఇల్లిల్లూ తిరిగింది. ఎందుకు అంటే, "ఫారం నింపినప్పుడు నాకు వేరే గడి వద్దు" అంది. మీ ఫిట్టర్ స్నేహితుడికి డబ్బు ఒక్కటే పోయిందా? కర్మకాండలో ఎక్కడ నిలబెట్టారు అతన్ని?

ఉక్కునగరం పెద్దాయన

వెనకాల. షామియానా బయట.

బిల్లుల అమ్మాయి

ఇద్దరివీ తీసుకుంటాను. ప్లాంటువాళ్ల ఇళ్లలో నామినీతో మొదలుపెడతాను, "పెళ్లయిందా" అని అడిగితే నిజం చెప్తాను. లిస్టు రాశాం రాత్రి. తనకి తెలిసిన పేషెంట్లే ఎక్కువ తేలారు, నాకంటే తనకి ఊళ్లో పరపతి ఉందని ఇప్పుడే తెలిసింది. కింద పోర్షన్ ఆంటీ దగ్గర కజిన్స్ అన్న అబద్ధం ఎలా విప్పాలో ఇంకా తేలలేదు. తను చెప్తానంటోంది, ఆంటీ మోకాలికి కట్టు వేసేది తనే. నర్సు అక్కా, మెసేజ్ పెట్టాను, చూడండి. మాస్టారూ, థాంక్స్.

పెద్దాయన గారూ, నా పీఎఫ్‌లో తన పేరు వేయొచ్చా?

ఉక్కునగరం పెద్దాయన

కాగితం మీదైతే ఫారం 2. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈ-నామినేషన్ అయిపోయింది. అందులో ముందే "కుటుంబం ఉందా?" అని అడుగుతుంది. స్కీము లెక్కలో ఆడవాళ్లకి కుటుంబం అంటే భర్త, పిల్లలు, తన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు, భర్త మీద ఆధారపడ్డ అత్తమామలు. నీకు ఆ లెక్కలో ఎవరైనా ఉంటే బయటివాళ్ల పేరు చెల్లదు. మీ నాన్నగారికి సొంత పింఛను ఉండి, అమ్మ కూడా ఆయన మీదే ఆధారపడి ఉంటే, నీ మీద ఆధారపడ్డవాళ్లు లేరు కాబట్టి లేదు అని పెట్టి నీకిష్టమైన పేరు వేసుకోవచ్చు. రేపు ఎప్పుడైనా చట్టప్రకారం కుటుంబం ఏర్పడితే ఆ నామినేషన్ రద్దవుతుంది, మళ్లీ వేసుకోవాలి. మీ ఇద్దరికీ పెళ్లి చట్టం వచ్చిందనుకో, అప్పుడూ మళ్లీ ఫారం నింపాల్సిందే. ఆధార్, ఫొటో దగ్గర పెట్టుకో. గ్రాట్యుటీకి వేరే ఫారం, అది ఆఫీసులో అడుగు.